కాలిన పత్రాల వెంట: లండన్ నుంచి వారమ్ పెర్సీ దాకా

శుక్రవారం, టెంపుల్ చర్చి

ఫ్లీట్ స్ట్రీట్ మీద బస్సుల మోత. పక్కనున్న చిన్న ద్వారం దాటి సందులోకి దిగితే అక్కణ్ణుంచి అంతా లాయర్ల రాజ్యం. నల్లకోట్లు, నేమ్‌ప్లేట్లు, ఒద్దికగా కత్తిరించిన పచ్చిక. వాటి నడుమ గుండ్రటి రాతి చర్చి ఒకటి. జెరూసలేంలో క్రీస్తు సమాధి మీద కట్టిన చర్చిని తలపించేలా సైనిక సన్యాసులైన టెంప్లర్లు కట్టుకున్నారు. 1185 ఫిబ్రవరిలో జెరూసలేం మతగురువు హెరాక్లియస్ స్వయంగా వచ్చి దీన్ని ప్రతిష్ఠించాడు. ఆయన సముద్రాలు దాటి వచ్చింది చర్చి కోసం కాదు. ముస్లిం సుల్తాన్ సలాదిన్ ముంచుకొస్తున్నాడు, వచ్చి కాపాడమని ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కాళ్ళావేళ్ళా పడడానికి వచ్చాడు. హెన్రీ కదల్లేదు. 1187లో జెరూసలేం పడిపోయింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్ జనం మీద సలాదిన్ పేరుతోనే పన్ను పడింది. ఆదాయంలో పదో వంతు, కదిలే ఆస్తిలో పదో వంతు. శిలువ ధరించి జెరూసలేం కోసం యుద్ధానికి, అంటే క్రూసేడ్‌కు, పోతానన్నవాడికి మాత్రం మాఫీ. భక్తి ఎంతో, మాఫీ మీద ఆశ ఎంతో లెక్క తీసినవాడు లేడు.

లోపల గుండ్రటి నేల మీద రాతి వీరులు వెల్లకిలా పడుకుని ఉన్నారు. 1941 మేలో జర్మన్ బాంబులకు పైకప్పు కాలి మీదపడింది, అందుకే చాలామందికి ముక్కూ మొహమూ సరిగా లేవు. వాళ్ళలో ఆనాటి పేరున్న వీరుడు విలియం మార్షల్‌గా చెప్పే బొమ్మ దగ్గర కూర్చుని చూశాను. గొలుసు కవచంలో ఒక్కో వలయాన్నీ విడివిడిగా చెక్కినట్టుంది. కొన్ని బొమ్మలకు కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాయి. అలా ఉంటే క్రూసేడ్‌కు వెళ్ళొచ్చినట్టు గుర్తు అని పక్కనున్న ఒకాయన తన పిల్లలకు చెబుతున్నాడు. అందరూ చెప్పుకునే మాటే, ఆధారం లేదు. మార్షల్ మాత్రం నిజంగానే వెళ్ళాడు. చనిపోయిన తన యువరాజు మొక్కు తీర్చడానికి పవిత్ర భూమికి పోయి వచ్చాడు. 1219లో చావు మంచం మీద టెంప్లర్‌గా చేరాడు.

ఈ చర్చిని నేను ముందు పెట్టుకున్నది బొమ్మల కోసం కాదు, డబ్బు కోసం. ఫ్యూడల్ ఒప్పందం కాగితం మీద సులువుగానే ఉంటుంది. నేను నీకు భూమి ఇస్తాను, నువ్వు గుర్రమెక్కి ఏడాదికి నలభై రోజులు నా వెంట యుద్ధానికి రా. నలభై రోజుల్లో జెరూసలేం ఎక్కడ, రావడం ఎక్కడ? పోవాలంటే రొక్కం కావాలి. భూమే ఆస్తి అయిన దొర దగ్గర రొక్కం ఉండదు. కాబట్టి భూమి తాకట్టు, అడవి అమ్మకం, లేకపోతే అప్పు. లండన్‌లో సొమ్ము టెంప్లర్ల దగ్గర దాచి తూర్పున తీసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. మతం కోసం కత్తి పట్టిన సన్యాసులు రాజులకు ఖజానాదారులయ్యారు. సింహహృదయుడు రిచర్డ్ 1189లో గద్దె ఎక్కీ ఎక్కగానే పదవులు, కోటలు వేలానికి పెట్టినట్టే అమ్మాడు. కొనేవాడు దొరికితే లండన్‌నే అమ్మేస్తానన్నాడని ఆనాటివాళ్ళు రాసిపెట్టారు. తిరుగు ప్రయాణంలో ఆస్ట్రియా దొర చేతిలో పట్టుబడ్డాడు. విడుదల వెల ఆనాటి డబ్బు లెక్కలో 1,50,000 మార్కులు. ఈసారి జనం దగ్గర అడిగింది పదో వంతు కాదు, నాలుగో వంతు. పట్టణాలు ఇదే అదను చూసుకుని డబ్బు కట్టి హక్కు పత్రాలు రాయించుకున్నాయి. వీరత్వానికీ విధేయతకూ ఉన్న చోట లెక్కల పుస్తకం వచ్చి కూర్చుంది.

టెంప్లర్ల సంఘం 1312లో రద్దయింది. ఈ స్థలం అలాంటిదే ఇంకో సంఘమైన హాస్పిటలర్లకు దక్కింది, వాళ్ళు లాయర్లకు అద్దెకిచ్చారు. 1381 జూన్ 13న పల్లెల నుంచి వచ్చిన జనం ఇక్కడే చొరబడి, లాయర్ల తోలు పత్రాలు బయటికి ఈడ్చి తగలబెట్టారు. చర్చిలో బోలెడు బొమ్మలున్నాయి. నాకు ఆ మంట ఎక్కడ వేశారో చూడాలనిపించింది, చూపించేవాళ్ళు లేరు.

శనివారం, ఛార్టర్‌హౌస్, స్మిత్‌ఫీల్డ్

మేనకోడలికి సెలవు, తనూ వెంట వచ్చింది. బార్బికన్ స్టేషన్ దిగితే ఛార్టర్‌హౌస్ చౌరస్తా నాలుగు అడుగులు. చెట్లు, బెంచీలు, గీసినట్టున్న దారులు. ఆ గడ్డి కింద ప్లేగు శవాలు.

"మామా, మనం నడిచేది వాళ్ళ మీదనేనా?" అంది.

"అవును బిడ్డా."

తను మెల్లగా సిమెంటు బాట మీదికి జరిగింది. అదీ శ్మశానం మీదే ఉంది గానీ చెప్పలేదు.

1349లో సర్ వాల్టర్ మానీ అనే సేనాని ఇక్కడ 13 ఎకరాలు తీసుకుని శవాలు పూడ్చడానికి ఇచ్చాడు. ఫ్రాన్స్ యుద్ధాల్లో బాగా వెనకేసుకున్నవాడు. 2013లో క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గం సొరంగం పనుల్లో 25 అస్థిపంజరాలు బయటపడ్డాయి, పళ్ళలో ప్లేగు క్రిమి ఆనవాళ్ళు దొరికాయి. పక్కనే మ్యూజియంలో ఒకరి ఎముకలు అద్దం కింద పెట్టారు. దవడ దగ్గరికి వంగి చూస్తే పళ్ళు బాగా అరిగిపోయి ఉన్నాయి. ఇంతకుముందే లండన్ టవర్ కోట దగ్గర ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్‌లో తవ్విన శ్మశానపు పళ్ళ నుంచే 2011లో ఆ క్రిమి జన్యుపటం మొత్తం కూర్చారు. అక్కడ నన్ను ఆపింది సైన్సు కాదు. అయిదు వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చాల్సి వచ్చిన చోట కూడా శవాల్ని విసిరేయలేదు, వరసగా పడుకోబెట్టారు. కొందరికి పెట్టె కూడా ఉంది. ఊరు ఊరంతా చస్తుంటే మనుషులు మర్యాద మరచిపోయారని పుస్తకాలు రాస్తాయి. ఆ గోతులు చూసినవాళ్ళు అంత తేలిగ్గా ఆ మాట అనలేరు.

అయిదు నిమిషాల నడకలో స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్. ఆసుపత్రి గోడవైపు 1381 తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్ పేరుతో రాతి ఫలకం ఉంది. మనిషికి 12 పెన్నీల తలపన్ను వేశారు, పదిహేనేళ్ళు దాటితే చాలు, దొర అయినా కూలీ అయినా తలకింత. కెంట్, ఎసెక్స్ లేచాయి. 1381 జూన్ 14న మైల్ ఎండ్‌లో పద్నాలుగేళ్ళ రెండో రిచర్డ్ రైతుల ఎదుట నిలబడి వెట్టి రద్దు చేస్తానన్నాడు, ఎకరాకు నాలుగు పెన్నీల కౌలు చాలన్నాడు. అదే పూట టవర్‌లో ఇద్దరి తలలు తెగాయి. ఒకరు ఆర్చిబిషప్ సడ్‌బరీ. రెండోవాడు ఖజానా అధికారి రాబర్ట్ హేల్స్. ఈ హేల్స్ ఎవరు? హాస్పిటలర్ల ఇంగ్లండ్ పెద్ద. జెరూసలేం కోసం పుట్టిన సంఘానికి నాయకుడై ఉండి పేదవాడి తలకు పన్ను లెక్కగట్టే కుర్చీలో కూర్చున్నాడు. ఆ సంఘం మఠాన్ని క్లర్కెన్‌వెల్‌లో తగలబెట్టారు. మర్నాడు ఇక్కడే, రాజు కళ్ళెదుటే, లండన్ మేయర్ వాల్‌వర్త్ బృందం టైలర్‌ను పొడిచి చంపింది. జులై 2న రాజు ఇచ్చిన మాటలన్నీ రద్దు.

ఆదివారం, వేమౌత్

కారులో నైరుతికి పోయి సముద్రం చూసి వచ్చాం. రేవులో గోడకు ఒక ఫలకం ఉంది. 1348లో ప్లేగు ఇంగ్లండ్‌లోకి ఈ రేవు గుండానే వచ్చిందని, అప్పుడు దీని పేరు మెల్‌కోమ్ రీజిస్ అని రాసి ఉంటుంది. గాస్కనీ నుంచి వచ్చిన నావికులు జూన్‌లో తెచ్చారని ఆనాటి సన్యాసుల రాత. ఫలకం కింద కుర్రాళ్ళు పీతల్ని దారంతో పడుతున్నారు. ఎండ బాగా కాసింది. చేప, చిప్స్ తిన్నాం, సముద్రపు కాకి ఒకటి నా పొట్లంలో వాటా తీసుకుంది. ఇంతకు మించి చెప్పడానికి లేదు.

సోమవారం, యాష్‌వెల్

కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జి వైపు రైలు. స్టేషన్ ఊరికి దూరం, ఇరుపక్కలా బార్లీ చేల మధ్య నడిచాను. ఈ ఊరు మధ్యయుగాల్లో వెస్ట్‌మినిస్టర్ మఠం సొత్తు. 1349లో ఆ మఠాధిపతీ, ఇరవై ఆరుగురు సన్యాసులూ ప్లేగుకు పోయారు. దొరే సన్యాసి అయినప్పుడు చావు కూడా అందరికీ ఒకేసారి వచ్చింది.

సెయింట్ మేరీ చర్చి గోపురం కింద, ఉత్తరపు గోడ మీద, మెత్తటి సున్నపురాయిలో ఎవరో మొనతో గీకారు. అక్షరాలు వంకరగా, ఎత్తుపల్లాలుగా ఉన్నాయి. పక్కనుంచి వెలుగు పడితే తప్ప కనబడవు, నేను ఫోన్ లైటు గోడకు ఆనించి ఏటవాలుగా పట్టుకుంటే ఒక్కో గీతా లేచి వచ్చింది. లాటిన్. 1350 అంటూ మొదలవుతుంది. జాలిపడాల్సిన, క్రూరమైన, ఘోరమైన కాలమని, సాక్ష్యం చెప్పడానికి దిక్కుమాలిన జనమే మిగిలారని. చివర్లో పెనుగాలి, 1361. పాత కాలెండరులో అది 1362 జనవరిలో సెయింట్ మారస్ పండుగనాడు వీచిన తుపాను. ఆ ముందటి ఏడాదే రెండోసారి ప్లేగు వచ్చి పిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. మొదటి ప్లేగు తర్వాత పుట్టినవాళ్ళు.

చర్చి బయట గోడ నీడన కూర్చుని ఆనాటి కూలీ లెక్క ఆలోచించాను. అప్పటిదాకా దొర దగ్గర మనుషులు ఎక్కువ, భూమి తక్కువ. వారంలో కొన్ని రోజులు దొర పొలంలో ఊరికే చెయ్యాలి. కూతురి పెళ్ళికి దొరకు డబ్బు కట్టాలి. ఇంటిపెద్ద పోతే కొట్టంలోని మేలైన పశువును దొరకు తోలాలి. 1349లో ఆ చావు పశువులు ఎన్నో వచ్చిపడ్డాయి, కాసేవాడు లేడు. రెండేళ్ళలో దేశంలో మూడోవంతుకూ సగానికీ మధ్య జనం పోయారు. పంట చేతికొచ్చింది, కొడవలి పట్టేవాడు లేడు. ఉన్నవాడు పక్క ఊరి దొర రెండు పెన్నీలు ఎక్కువిస్తానంటే రాత్రికి రాత్రి మూట సర్దుకుని పోయాడు. వాణ్ణి రమ్మన్న ఆ దొరే, పార్లమెంటులో కూర్చుని వాణ్ణి పట్టుకోవాలన్న చట్టానికి చెయ్యెత్తాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

1349 జూన్‌లో ఆర్డినెన్సు, 1351లో చట్టం. కూలి రేట్లు ప్లేగుకు ముందటివే ఉండాలి. గడ్డి ఎండేసే పనికి రోజుకు ఒక పెన్నీ. కోతకు ఆగస్టు మొదటి వారం రెండు పెన్నీలు, రెండో వారం నుంచి మూడు, తిండి లేదు. అరవైలోపు ఒంట్లో శక్తి ఉండి, సొంత ఆధారం లేనివాడు పిలిచిన పనికి పోవాల్సిందే. కాదంటే కాళ్ళు బిగించే బొండకొయ్య. ఊరూరా బొండకొయ్యలు చేయించమని చట్టంలోనే రాశారు, వాటికి కావలసిన వడ్రంగి కూలి కూడా అదే చట్టంలో కట్టేశారు. 1363లో ఇంకో అడుగు వేసి, బండి తోలేవాడు, నాగలి పట్టేవాడు ముతక బట్టే కట్టాలన్నారు. అది నిలబడలేదు, తొందరగానే ఎత్తేశారు. కూలి చట్టం మాత్రం దశాబ్దాలు కొనసాగింది, కూలి మాత్రం పెరుగుతూనే పోయింది.

ప్లేగు బానిసల్ని విడిపించిందని ఒక్క వాక్యంలో రాసేవాళ్ళంటే నాకు పడదు. ప్లేగు ఇచ్చింది బేరమాడే బలం. దాన్ని లాక్కోవడానికి దొరలు చట్టంతో, బొండకొయ్యతో ముప్పై ఏళ్ళు పోరాడారు. 1381 ఆ పోరాటానికి వచ్చిన జవాబు.

మంగళవారం, సెయింట్ ఆల్బన్స్

ఈ ఊరి కథ తిరగలి కథ. మఠం కింద ఉన్న జనం పిండి మఠం మిల్లులోనే ఆడించుకోవాలి, ఆడించినందుకు వాటా ఇవ్వాలి. ఇంట్లో తిరగలి పెట్టుకుంటే నేరం. 1327లో మఠాధిపతి అయిన వాలింగ్‌ఫర్డ్ రిచర్డ్, నక్షత్రాల కదలిక చూపించే గడియారం కట్టించిన మహా మేధావి, కుష్ఠు రోగి. ఆయనే ఇళ్ళలోని తిరగలి రాళ్ళన్నీ లాక్కొచ్చి మఠంలోని ముందుగదిలో నేల పరిపించాడు. మఠానికి వచ్చిన ప్రతి ఊరివాడూ తన తిరగలిని తొక్కుకుంటూ పోవాలి. గడియారానికీ దీనికీ ఒకే బుర్ర పనిచేసిందంటే నమ్మడం కష్టం.

1349లో మఠాధిపతితో పాటు నలభైమందికి పైగా సన్యాసులు ప్లేగుతో పోయారు. మిగిలినవాళ్ళు పట్టు సడలించలేదు. 1381 జూన్‌లో లండన్ వార్త తెలియగానే, విలియం గ్రిండ్‌కాబ్ వెంట ఊరు మఠంలో పడింది. ముందు పత్రాలు తెమ్మన్నారు. వాటిని సంత స్తంభం దగ్గర తగలబెట్టారు. తర్వాత ఆ గది నేల తవ్వి తిరగలి రాళ్ళు పైకి తీసి ముక్కలు చేసి పంచుకున్నారు. చర్చిలో ప్రసాదం రొట్టె పంచినట్టు పంచారని అక్కడి సన్యాసి వాల్సింగమ్ రాసుకున్నాడు. ఆయనకు వీళ్ళంటే ఒళ్ళుమంట, అయినా ఆ దృశ్యం మనకు మిగిల్చింది ఆయన రాతే.

1360ల్లో కట్టిన మఠం పెద్ద ద్వారం అలాగే ఉంది, ఇప్పుడు బడి కింద నడుస్తోంది. యూనిఫాం పిల్లలు దాని కింద నుంచి బిలబిలమంటూ వచ్చారు. తలుపు పక్కన రాయి మీద చెయ్యి వేసి నిలబడ్డాను, జనం ముట్టడించింది దీన్నే. జులై 15న రాజు ఈ ఊళ్ళోనే ఉండగా జాన్ బాల్‌ను ఉరితీసి, పేగులు తీసి, నాలుగు ముక్కలు చేశారు. ఆదాము నేల తవ్వుతుంటే, ఈవ నూలు వడుకుతుంటే దొర ఎవడు అని బ్లాక్‌హీత్ మైదానంలో అడిగిన పాదిరి ఆయనే. గ్రిండ్‌కాబ్‌నూ అదే రోజున ఉరితీశారు.

మా నల్గొండ పక్క 1940ల్లో గడీల మీదికి పోయిన జనం ముందు వెతికింది కూడా అప్పు పత్రాలే. అందుకని పత్రం కాల్చితే వెట్టి పోతుందనుకోవడానికి లేదు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో జరిగింది తిరకాసు వ్యవహారం. పల్లెల్లో పాత వెట్టి సేవలు కొద్దికొద్దిగా డబ్బు కౌలుగా మారాయి. ఏ మేనర్ కోర్టు (దొర ఎస్టేటు కోర్టు) పత్రాల చుట్టల్ని జనం తగలబెట్టారో, ఆ పత్రాల చుట్టలో తన భూమి పద్దు నకలు చేతిలో ఉన్న రైతుకే హక్కు నిలిచింది. కాపీహోల్డ్ అంటారు. అది చట్టం పుస్తకాల్లోంచి పోవడానికి 1926 దాకా పట్టింది.

బుధవారం, యార్క్

రైలు దిగి నేరుగా క్లిఫర్డ్స్ టవర్‌కు వెళ్ళాను. పచ్చటి దిబ్బ, పైన రాతి బురుజు. ఇప్పుడున్నది 13వ శతాబ్దపు కట్టడం, 1190లో ఉన్నది కర్రది. దిబ్బ కింద ఫలకం దగ్గర ఎవరో పెట్టిన చిన్న గులకరాళ్ళు ఉన్నాయి, యూదు సంప్రదాయం. రిచర్డ్ క్రూసేడ్‌కు బయలుదేరే హడావుడిలో ఉన్న 1190 మార్చి 16 రాత్రి, ఇందులో తలదాచుకున్న యూదులు సుమారు 150 మంది చనిపోయారు. చాలామంది ఒకరినొకరు చంపుకున్నారు, లొంగితే ప్రాణాలు కాపాడతామన్న మాట నమ్మి బయటికొచ్చినవాళ్ళను గుంపు నరికింది. పవిత్ర యుద్ధపు ఆవేశం అని మొదలుపెట్టి ఆపేస్తే సగం కథే. గుంపును నడిపించినవాళ్ళలో రిచర్డ్ మాలెబిస్ లాంటి దొరలు ఉన్నారు, యూదులకు బాకీపడ్డవాళ్ళు. హత్యలయ్యాక తిన్నగా పెద్ద చర్చికి పోయి అక్కడ భద్రపరిచిన అప్పు పత్రాలు తీయించి చర్చి నేల మీదే కాల్చారు.

రాజుకు కోపం వచ్చింది. చనిపోయినవాళ్ళ కోసం కాదు అంటే అన్యాయమేమో గానీ, యూదుడి బాకీ మీద రాజుకు వాటా ఉంది, కాలిపోయింది అదీ. 1194 నుంచి ముఖ్య పట్టణాల్లో పెట్టెలు పెట్టించి ప్రతి అప్పుకూ నకలు దాయించారు. రాజ్యం రికార్డు రాయడం నేర్చుకున్న సందర్భాల్లో ఇదొకటి. 1290లో యూదుల్నే దేశం నుంచి వెళ్ళగొట్టారు.

1190లో దొరలు కాల్చారు, వాళ్ళలో ఉరికంబం ఎక్కినవాడు లేడు. 1381లో కూలీలు కాల్చారు, ఎక్కారు. కొత్త చెక్క మెట్ల మీదుగా పైకి వెళ్ళాను. ఊరంతా కనబడుతుంది, పెద్ద చర్చి గోపురాలు కూడా.

గురువారం, వారమ్ పెర్సీ

మాల్టన్ నుంచి టాక్సీ. డ్రైవర్ కారు పార్కింగ్ దగ్గర దింపి, ఇక్కడ సిగ్నల్ దొరకదని చెప్పి పోయాడు. అక్కణ్ణుంచి దిగుడు బాట, వాగు, మళ్ళీ ఎత్తు. ఊరు లేదు. పైకప్పు లేని సెయింట్ మార్టిన్ చర్చి ఉంది, దాని గోపురం సగం 1959లో కూలింది. మిగిలినదంతా గడ్డి. అయితే పొద్దు వాలాక ఏటవాలు ఎండలో ఆ గడ్డిలోంచి ఇళ్ళ పునాదులు, పెరళ్ళ గట్లు, నడి వీధి స్పష్టంగా పైకి తేలాయి. ఒక ఇంటి గట్టు వెంట అడుగులు వేసి చూశాను. పొడవాటి ఇల్లు, ఒక కొస మనుషులకు, ఇంకో కొస పశువులకు. ఇక్కడ నలభై ఏళ్ళ పాటు, 1990 దాకా, ప్రతి వేసవీ తవ్వకాలు జరిపారు. మోరిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ నడిపించారు.

ప్లేగుతో ఊరు పాడుపడిందని బయట జనం చెప్పుకుంటారు. కాదు. దొర 1349లో పోయాడు, జనం తగ్గారు, కానీ 14వ శతాబ్దం చివరికి ఇంకా ముప్పై ఇళ్ళ దాకా ఉన్నాయి. పెర్సీ దొరల చేతి నుంచి ఊరు హిల్టన్ దొరల చేతికి 1403లో వెళ్ళింది. కూలి పెరిగింది, ధాన్యం ధర పడిపోయింది, ఉన్ని ధర బాగుంది. గొర్రెల మందకు ఒక కాపరి చాలు, అతను కూలి పెంచమని ఊరేగింపు తీయడు. బేరమాడే బలం వచ్చిన కూలీతో బేరం మానుకుని, కూలీనే అక్కర్లేకుండా చేసుకునే దారి దొరలకు దొరికింది. 1500 ప్రాంతంలో చివరి నాలుగు కుటుంబాల్ని బారన్ హిల్టన్ ఖాళీ చేయించాడు.

రాజు విచారణ సంఘం 1517లో ఇలాంటి ఊళ్ళ లెక్క తీసింది. వారమ్ పద్దులో నాలుగు నాగళ్ళు ఆగిపోయాయని, నాలుగు ఇళ్ళు పాడుపెట్టారని రాసుకున్నారు. ఆ కుటుంబాలు ఖాళీ అయిన సంగతి మనకు తెలుస్తోందంటే ఆ పద్దు వల్లే. సిగ్నల్ దొరికే గుట్ట మీదికెక్కి మేనకోడలికి ఫోన్ చేశాను.

"మరి ఆ నాలుగిండ్లోళ్ళు ఎటు పోయిన్రు మామా?"

"కూలికి పోయుంటరు బిడ్డా. అప్పటికి యార్క్‌లో కూలి రేటు మంచిగనే ఉండె."